చెయ్యకండిలో ‘క’

అతన్ని అందరూ పండితుడంటారు. ఆ పేరు చదువు వల్ల రాలేదు, భయం వల్ల వచ్చింది.

చిన్నప్పుడు మాట మొదట్లో ‘క’ ఉంటే చాలు, అతని గొంతు బిగుసుకుపోయేది. నత్తి అనగానే జనం క-క-క అని సాగదీసి నవ్వుతారు చూడండి, అలాంటిది కాదు. లోపల ఎవరో తలుపు మూసి గడియ పెట్టినట్టు గాలే ఆగిపోయేది. నోరు తెరిచే ఉండేది, మెడ నరాలు తేలేవి, మాట మాత్రం బయటికి వచ్చేది కాదు. ఎదుటివాళ్లు జాలిగా చూసేవాళ్లు, లేదంటే నవ్వేవాళ్లు. ఆ రెంటిలో ఏది ఎక్కువ మండించేదో అతనికి ఇప్పటికీ తేలలేదు.

తప్పించుకునే దారి అతనే కనిపెట్టుకున్నాడు. మన భాషలో ఒక్కో వస్తువుకి నాలుగు పేర్లు. ‘క’తో మొదలయ్యేదాన్ని వదిలేసి దాని పక్కనున్న మాటని పట్టుకొచ్చేవాడు. కుర్చీ అనలేక ఆసనం అనేవాడు. కాకిని వాయసం అనేవాడు. కడుపునొప్పి వస్తే ఉదరంలో బాధగా ఉందని తల్లితో మొరపెట్టుకునేవాడు. ఒకసారి వీధికుక్క వెంటపడితే “శునకం! శునకం!” అని కేకలు పెడుతూ సందు చివరిదాకా పరిగెత్తాడు. చూసినవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారే గాని కుక్కని అదిలించినవాడు ఒక్కడూ లేడు. బడిలో మాస్టారు మాత్రం మురిసిపోయి, ‘వీడి నోట భాష ఎంత స్వచ్ఛంగా పలుకుతోందో చూడండ్రా’ అని తోటిపిల్లలకి వాడిని చూపించి మెచ్చుకున్నాడు. అప్పుడు అతుక్కున్న పేరు పండితుడు. భయపడి పారిపోయేవాడికి బిరుదు ఇచ్చి పంపింది లోకం.

కాలేజీలో చేరి స్పీచ్ థెరపీ చదువుతానన్నప్పుడు ఇంట్లోవాళ్లు ముఖముఖాలు చూసుకున్నారు. “కుంటివాడు పరుగు నేర్పుతాడట” అని బాబాయి ఎకసెక్కం ఆడాడు. పండితుడు పట్టించుకోలేదు. మొదటి వారంలోనే మేడమ్ అతని గుట్టు బయటపెట్టింది. ఆవిడ క్లాసులో బొమ్మలు చూపించి పేర్లు చెప్పమంటోంది. అతని వంతుకి కుక్క బొమ్మ వచ్చింది.

“శునకం” అన్నాడు.

మేడమ్ కళ్లజోడు పైకి నెట్టుకుంది. “మీ ఇంట్లో దీన్ని అలాగే పిలుస్తారా బాబూ?”

అతను నిలబడిపోయాడు. గొంతులో గడియ పడింది. వెనక బెంచీలో ఎవరో సాయంగా “కుక్క” అని అందించారు. మేడమ్ చూపుతోనే అటు వాత పెట్టింది. “వాడి నోట్లో నీ నాలుక ఎందుకమ్మా? తియ్యి.” తర్వాత చేతులు కట్టుకుని నిలబడింది. గడియారం వైపు చూడలేదు, తల ఊపలేదు, నవ్వలేదు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప గదిలో ఇంకేం లేదు. చివరికి అతని నోట్లోంచి కుక్క బయటికి దూకింది. ఇంత పెద్ద మనిషి ఒక చిన్న మాటకి కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి ఆవిడ మాట అతనికి శాసనం. నత్తి ఉన్నవాడి మాటని పక్కవాళ్లు పూర్తి చెయ్యకూడదు. నత్తి ఉన్నవాడు మాట మార్చి పారిపోకూడదు. ఈ రెండే ఆవిడ నేర్పిన చదువంతా.

వెనక బెంచీ నుంచి కుక్కని అందించిన అమ్మాయే తర్వాత అతని భార్య అయింది. ఆమె చదివింది ఆడియాలజీ, అంటే చెవుల పని. ప్రేమించుకుంటున్న రోజుల్లో క్యాంటీన్‌కి వెళ్లినప్పుడల్లా అతను టీ చెప్పేవాడు. టీ అంటే అతనికి అసహ్యం. ముఖం చూసి ఆమె పసిగట్టేసింది. “నువ్వు కాఫీ మనిషివి కదూ? నోరు తిరక్క ఈ కషాయం తాగుతున్నావు కదూ?” అని అడిగింది. అతను తలూపాడు. “అయితే చెప్పు. నేను ఎదురు చూస్తా. నీ కాఫీ చల్లారితే నాకేం” అంది. పెళ్లయ్యాక కళ్లజోళ్ల షాపు మీద రెండు గదులు తీసుకున్నారు. ఒకటి ఆమెది, గోడలకి మందంగా స్పాంజి కొట్టించి బయటి చప్పుడు చొరకుండా చేసిన గది. రెండోది అతనిది. గుండ్రని బల్ల, నోటి కదలికలు చూసుకోవడానికి అద్దం, పక్షవాతం వచ్చి మింగడం మరిచిపోయినవాళ్లకి పొలమారకుండా పొడి కలిపి చిక్కబరిచిన నీళ్ల గ్లాసులు. “చెవులు నావి, నాలుకలు నీవి, మధ్యలో ఉన్న ముక్కు ఎవరిదో తేల్చుకోలేదు” అని ఆమె వచ్చినవాళ్లతో జోకులేసేది.

వచ్చేవాళ్లలో ఒక బస్సు కండక్టర్ ఉన్నాడు. స్టాపు పేర్లు అరవాలి, అరవలేడు. నోరు పెగలకముందే స్టాపు వెనక్కి వెళ్లిపోతుంది. దిగాల్సినవాళ్లు తిట్టుకుంటూ తర్వాతి స్టాపులో దిగుతారు. “సారూ, నేను టికెట్లు కొడుతున్నానా, జనాన్ని నడిపిస్తున్నానా అర్థం కావట్లేదు” అన్నాడు మొదటిరోజే. పండితుడు అతనితో సాయంత్రాలు కూర్చునేవాడు. ఎవరు తిట్టినా పేరు మార్చకుండా, గొంతు ఎంతసేపు పట్టినా ఆ పేరే చెప్పాలి. కండక్టర్ మెల్లమెల్లగా చెబుతున్నాడు. డ్రైవరు కూడా అలవాటు పడి బ్రేకు మీద కాలు పెట్టి ఆగుతున్నాడు.

అలా బతుకు ఒక దారిన పడుతుంటే కొత్త కౌన్సిల్ వచ్చింది. ఇక మీద మాట, వినికిడి చికిత్స చేసేవాళ్లందరూ లైసెన్సు తీసుకోవాలి. డిగ్రీ ఒక్కటే చాలదు, రాత పరీక్ష ఉంటుంది, దాని తర్వాత ముగ్గురి ముందు మౌఖిక పరీక్ష. లైసెన్సు లేకుండా రోగిని చూస్తే కేసు. ఊరికి నాలుగు చోట్ల దొంగ వైద్యులు చెవుల్లో నూనె పోసి, నాలుక కింద నరం కోసి డబ్బు గుంజుతుంటే పట్టించుకోని పెద్దలకి ఇప్పటికైనా తెలివొచ్చిందని పండితుడు సంతోషించాడు కూడా. పాపం, నిజంగానే సంతోషించాడు.

ముందుగా భార్య వెళ్లింది. నవ్వుతూ తిరిగొచ్చింది. “ఒక ప్రశ్నకి సమాధానం తెలీదు. ఊరుకోకుండా దంచేశాను. ఏం చెప్పానో నాకే గుర్తులేదు. ‘ధారాళమైన వివరణ’ అని రాసుకున్నారు.”

“మన మేడమ్ ఉన్నారా?”

“ఉన్నారు. ఆవిడే అధ్యక్షురాలు. నీకింకేం భయం?”

అతను వెళ్లాడు. పెద్ద గది, బల్లకి అవతల ముగ్గురు. మధ్యలో మేడమ్, జుట్టు నెరిసింది, అదే కళ్లజోడు. ఒక పక్క చెవి-ముక్కు డాక్టరు. ఇంకో పక్క కౌన్సిల్ ఆఫీసరు. ఆయన ముందు గంట, రికార్డు చేసే చిన్న యంత్రం. ఒక్కో ప్రశ్నకి కొంత సమయం, అది దాటితే గంట కొడతాడు. ముందుగా నియమం చదివి వినిపించాడు: “అభ్యర్థి ఉచ్చారణ స్పష్టంగా, ధారాళంగా ఉండవలెను.” పండితుడు మేడమ్ వైపు చూశాడు. ఆవిడ కాగితాల్లోకి చూసింది.

మొదటి ప్రశ్నలు బాగానే జరిగాయి. అక్కడక్కడ ఆగాడు, నడిచాడు. తర్వాత డాక్టరుకి హుషారొచ్చింది. “నేను నత్తి పేషెంట్ అనుకోండి” అని సర్దుకుని కూర్చుని, “నా పే-పే-పే-పే...” అని కళ్లు తిప్పుతూ మొదలుపెట్టాడు. ఆఫీసరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. ఇలాంటి వెక్కిరింపులు పండితుడు చిన్నప్పటి నుంచి ఎన్ని చూడలేదు! కాలేజీ చదివినవాళ్లు, నత్తికి వైద్యం నేర్పేవాళ్లు, పరీక్ష గదిలో కూర్చుని వేసే వేషం ఇదా?

మేడమ్ గొంతు సవరించుకుంది. “సరే, ప్రశ్నకి వద్దాం. నత్తి ఉన్నవాళ్ల కుటుంబానికి మీరు మొట్టమొదట చెప్పేది ఏమిటి?”

ఇది ఆవిడ ఇచ్చిన చదువే. కళ్లు మూసుకుని చెప్పగలడు. కోపం గొంతు దాకా ఉన్నా మొదలుపెట్టాడు.

“వాళ్లు చెప్పే మాటని మధ్యలో మీరు పూర్తి చెయ్య—”

మాట మధ్యలో ఉన్న ‘క’ మామూలుగా అతన్ని ఏమీ అనదు. కోపం వచ్చినప్పుడూ, ఎదుటివాడు గడియారం చూస్తున్నప్పుడూ అదీ ఎదురు తిరుగుతుంది. ఆఫీసరు చెయ్యి గంట మీదికి పోతోంది. గడియ పడింది.

మన భాషకి ఇదొక జబ్బు. అవునో కాదో చివర్లోగాని చెప్పదు. అంత పెద్ద వాక్యం నడిపించి, తోక దగ్గరికి వచ్చాకగాని మనసులో మాట బయటపెట్టదు. ‘చెయ్య’ దాకా వచ్చినవాడు చెయ్యమంటున్నాడో, చెయ్యవద్దంటున్నాడో దేవుడికి కూడా తెలియదు. ఆ తోక కోసం ఆగాలి.

మేడమ్ ఆగలేదు. ముందుకు వంగి, ఎంతో దయగా, “పూర్తి చెయ్యమంటారు. సరే, తర్వాతి ప్రశ్న” అంది.

డాక్టరు కనుబొమలు ఎగరేశాడు. ఆఫీసరు రాసుకున్నాడు. పండితుడు చెయ్యెత్తాడు, తల అడ్డంగా ఊపాడు, ‘కండి’ అన్నాడు. ‘కండి’ ఒక్కటీ అంటే ఎవరికేం అర్థమవుతుంది? గంట మోగింది.

ఫలితం వచ్చింది. ‘మౌలిక సూత్రంపై తప్పు సమాధానం. ఉచ్చారణ ధారాళంగా లేదు. లైసెన్సు ఇవ్వబడదు.’

అది చదివి అతను మేడమ్ ఆఫీసుకి వెళ్లాడు. ఆవిడ లేచి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. “బాబూ, నీకు సాయం చేద్దామనే అన్నాను. టైం అయిపోతోందని. మధ్యలో ఆగిపోతే వాళ్లు సున్నా వేస్తారు కదా.”

“సాయమా?” అన్నాడు పండితుడు. “మేడమ్, మీరు నాకు నేర్పిందే చెప్పబోయాను. మీరే పూర్తి చేశారు. తప్పుగా.”

“ఒక్క మాట మార్చి ‘వద్దు’ అంటే అయిపోయేది కదా నాయనా. నీకు మాటలకేం తక్కువ? పండితుడివి.”

అతను బయటికొచ్చాడు. తిట్టిన శత్రువు మీద కోపం ఎప్పుడో ఒకప్పుడు చల్లారుతుంది. చెయ్యి పట్టి గడప దాటించినావిడే మళ్లీ లోపలికి తోసి తలుపేస్తే ఆ కోపం ఎక్కడికి పోతుంది?

ఇంటికొస్తే భార్య కూడా మొదట అదే పాట పాడింది. “అప్పీలులో మళ్లీ అడుగుతారు. ‘వద్దు’ అనెయ్. అరగంట పని. తర్వాత జీవితమంతా నీ ఇష్టమొచ్చినట్టు ఆగుతూ మాట్లాడుకో.”

“కండక్టర్‌కి నేనేం చెబుతున్నాను?”

“కండక్టర్‌కి లైసెన్సు అక్కర్లేదు.”

“కావాలి. వాడికీ బ్యాడ్జి ఉంటుంది.”

“నీతో వాదించేకంటే నా చెవి మిషన్లతో వాదించడం నయం” అని విసురుగా తన గదిలోకి పోయింది. కాసేపటికి తనే బయటికొచ్చింది. “అది రికార్డు చేశారన్నావు కదా? అడిగి తెచ్చుకో.”

అడిగితే ఇవ్వడానికి కౌన్సిల్ వాళ్లు నానా తిప్పలూ పెట్టారు. ఈ గది కాదు ఆ గది అన్నారు, ఆఫీసరు సెలవన్నారు, యంత్రం పాడైందన్నారు. పండితుడు రోజూ వెళ్లి కుర్చీలో కూర్చునేవాడు. ఎందుకొచ్చావని అడిగిన ప్రతివాడికీ తాపీగా, ఆగి ఆగి, మొదటి నుంచీ చెప్పేవాడు. వినే ఓపిక లేక చివరికి రికార్డింగు చేతిలో పెట్టారు.

ఆమె స్పాంజి గదిలో తలుపు వేసుకుని, మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింది. మళ్లీ వింది. బయటికొచ్చి, అతని తలకి హెడ్‌ఫోన్లు తగిలించింది. “మేడమ్ గొంతుని వదిలెయ్. దాని కింద విను.”

విన్నాడు. మేడమ్ ‘చెయ్యమంటారు’ అంటుండగా ఆ మాట కింద, నీళ్ల అడుగున రాయి దొర్లినట్టు, అతని సొంత గొంతు. గడియ ఊడిన చిన్న చిటుక్కు. ఆ వెంటనే ‘కండి’. చెయ్యెత్తి అతను అన్నది రెండోది.

“నువ్వు సమయానికే చెప్పావు. ఆవిడ నీ మీద కూర్చుంది, అంతే” అంది ఆమె. ఆ తర్వాత గొంతు తగ్గించింది. “‘వద్దు’ అనమన్నందుకు ఏమనుకోకు.”

అప్పీలు రోజున ఇద్దరూ వెళ్లారు. అవే మూడు ముఖాలు. తీర్పు చెప్పినవాళ్లే అప్పీలూ వింటారు, అదీ న్యాయం. ఆమె స్పీకర్లు పెట్టి వినిపించింది. డాక్టరు ఏమీ వినపడలేదన్నాడు. “అయితే మీ చెవులు పరీక్ష చేయించుకోండి సార్, మా దగ్గరికి రండి, లైసెన్సు ఉంది నాకు” అంది. మేడమ్ మూడోసారి వింటున్నప్పుడు ముఖం పాలిపోయింది. “అన్నాడు. సమాధానం సరైనదే” అంది.

ఆఫీసరు మాత్రం ఫలితంలోని రెండో వాక్యం మీద వేలు పెట్టాడు. ధారాళంగా లేదు. అది నిజమా కాదా? నిజమే. నియమం నియమమే. వాళ్లలో వాళ్లు గుసగుసలాడి, అతి తెలివైన దారి కనిపెట్టారు. లైసెన్సు ఇస్తారు. పక్షవాతం వచ్చినవాళ్లని చూడొచ్చు, మాట రాని పిల్లల్ని చూడొచ్చు, మింగడం కష్టమైనవాళ్లని చూడొచ్చు. నత్తి ఉన్నవాళ్లని మాత్రం చూడకూడదు. “ఈయన నత్తి చూసి పేషెంట్లు ఇంకా డీలా పడతారు కదండీ” అన్నాడు ఆఫీసరు, ఎంతో మర్యాదగా.

ఆమె బల్ల కింద భర్త చెయ్యి నొక్కింది. అద్దె ఉంది, గదులున్నాయి, పక్షవాతం వచ్చి పేరు పలకలేని ముసలాళ్లు రోజూ మెట్లెక్కి వస్తున్నారు. పండితుడు సంతకం పెట్టాడు. ఆ సంతకానికి తన మీద తనకే అసహ్యం వేసింది.

కండక్టర్ సాయంత్రం మెట్లెక్కి వచ్చి గోడ మీది లైసెన్సు చూశాడు. “ఇచ్చేశారా సారూ! నేను మధ్యలో ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లాను, మీకు రాదేమోనని. ఆయన నా స్టాపు పేరు నాకంటే ముందే చెప్పేశాడు. అదీ నా స్టాపు కాదు!”

పండితుడు విషయం చెప్పాడు. “నేను నిన్ను చూడకూడదట” అన్నాడు. కండక్టర్ ముఖంలో నవ్వు పోయింది. ఏదో అనబోయి గొంతు పట్టేసింది. పండితుడు కదలకుండా కూర్చున్నాడు.

“అయితే... వ... వెళ్లిపోనా?” అన్నాడు చివరికి.

అప్పుడు ఆమె పక్కగదిలోంచి తల బయటపెట్టింది. “ఎందుకు వెళ్లడం? కౌన్సిల్‌కి నెలనెలా పంపే రిపోర్టులో మింగుడు సమస్య అని రాద్దాం.”

“నాకు మింగుడు సమస్యేంటమ్మా? ప్లేటు ప్లేటు లాగిస్తాను.”

“మాటలు మింగేస్తున్నావుగా!”

ముగ్గురూ నవ్వారు. కండక్టర్ అయితే బల్ల మీద గుద్ది మరీ నవ్వాడు. పండితుడి నవ్వు ముందు ఆగిపోయింది. నవ్వు ఆగాక కోపం మిగిలింది, మునుపటిలా మంటగా కాదు, కాలి చల్లారిన ఇనుములా గట్టిగా. ఇన్నాళ్లూ వీధుల్లో, బడిలో ఒకడు భయపడి దాక్కున్నాడు. ఇప్పుడు ముగ్గురు నవ్వుకుంటూ దాక్కుంటారా? దానికి పైనుంచి కౌన్సిల్ ముద్ర కూడానా?

“లేదు” అన్నాడు. “నత్తి అనే రాస్తాను.”

“రాస్తే పీకేస్తారు” అంది ఆమె. నవ్వు మానేసింది.

“పీకనీ. నువ్వు కూర్చో” అని కండక్టర్‌కి కుర్చీ చూపించాడు.

ఆ నెల రిపోర్టు వెళ్లింది. పక్షవాతం వాళ్లందరి కింద, చివర ఒక్క పేరు. కండక్టర్. నత్తి. నలుగురి చేతులు మారి అది ఆఫీసరు బల్ల మీదికి చేరింది కాబోలు, మూడో వారంలో తాఖీదు వచ్చింది. షరతు ఉల్లంఘించినందుకు లైసెన్సు ఎందుకు రద్దు చెయ్యకూడదో సంజాయిషీ చెప్పుకోవాలి. రాతపూర్వకంగా పంపవచ్చు, లేదా కౌన్సిల్ ముందు హాజరై నోటితో చెప్పవచ్చు.

ఆమె రెండుసార్లు చదివింది. “రాసి పంపు. చక్కగా రాస్తావు. నీ అంత బాగా ఎవరూ రాయలేరు” అంది.

“నోటితోనే చెబుతా.”

“మళ్లీ ఆ గదిలోకా? ఆ గంట ముందా?”

“విచారణకి గంట ఉండదు. కనుక్కున్నా. సంజాయిషీ చెప్పేవాడు చెప్పడం ముగించేదాకా ముగ్గురూ కూర్చుని తీరాలట. మధ్యలో లేవకూడదట, అడ్డు రాకూడదట.” అతను చొక్కాకి ఇస్త్రీ చేసుకుంటున్నాడు. “వాళ్ల నియమమే అది.”

ఆమె అడిగింది: “ఎంతసేపు పడుతుంది?”

“కౌన్సిల్, కండక్టర్, కోపం” అన్నాడు. ఒక్కో మాటకి గొంతు బిగిసింది, ఒక్కోటి లాగి బయటపెట్టాడు, ఒక్కటీ మార్చలేదు. “ఇవన్నీ చెప్పాలి కదా. సాయంత్రం దాకా పట్టొచ్చు. నువ్వు భోంచేసెయ్.”

“నేనూ వస్తున్నా” అని ఆమె చెప్పులు వేసుకుంది.